టేపు వెయ్యొద్దన్నాను

నా మరిది థర్మన్‌కి ఒక నమ్మకం. మా డెట్రాయిట్ తూర్పు వైపు ఎక్కడ మంచి డ్రమ్ముల మోత వినిపించినా దాని వెనక వాళ్ళన్న రాడెల్ చెయ్యి ఉంటుందని. రాడెల్ నా మొగుడు. పోయి నాలుగేళ్ళయింది. మంచివాడు, అందగాడు, పార్టీల్లో పాటల రికార్డులు వేస్తూ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జనానికి తెలియకుండా జారుకోవడంలో అతన్ని మించినవాడు మా వీధుల్లో లేడు. కానీ డ్రమ్ములు అతనివి కావు. నావి. ఈ ముక్క ముప్ఫై ఏళ్ళుగా నేను గట్టిగా చెప్పలేదు, అది నా బుద్ధితక్కువ. అందుకే ఆ ఆగస్టు శనివారం ఏం జరిగిందో మొదటి నుంచీ చెబుతాను, మధ్యలో ఎవరూ అడ్డు రావద్దు.

నేను కార్ల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు వైర్లు కట్టాను. కారు డాష్‌బోర్డు వెనక చెయ్యి పెడితే తగిలే లావుపాటి వైర్ల కట్ట ఉంటుందే, అది నాలాంటి ఆడవాళ్ళు కట్టిందే. ఏ రంగు వైరు ఎక్కడికి పోవాలో కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆ పనిలో చేరిన మూడో ఏడు ఓవర్‌టైమ్ చేసి, కరెంటు పెడితే తనంతట తానే డ్రమ్ముల మోత పుట్టించే ఒక డ్రమ్ సింథసైజర్ కొనుక్కున్నాను. సూట్‌కేసంత పెట్టె. అందులో ఆరు గొంతులు: పొట్టలో తగిలే కిక్కు, పటపటలాడే స్నేరు, గుండ్రంగా మోగే రెండు టామ్‌లు, చిటచిటలాడే హైహ్యాట్, చప్పట్లు. ఒక్కో గొంతుకూ నాలుగైదు నాబ్‌లు, కింద వరసగా వైరు గుచ్చుకునే రంధ్రాలు. రాడెల్‌కి దాన్ని ఆన్ చెయ్యడం వచ్చు, ఆపడం రాదు. గోడలోంచి ప్లగ్గు పీకేవాడు.

బేస్‌మెంట్‌లో నేను వాయించి క్యాసెట్లకు ఎక్కించేదాన్ని. అతను శనివారం వాటిని పార్టీకి పట్టుకెళ్ళేవాడు. జనం ఒళ్ళు తెలియకుండా ఆడేవారు. ఒక రికార్డు కూడా వచ్చింది. దాని మీద ఒక్కటే మాట అచ్చువేశారు: పెట్‌వే, మా ఇంటిపేరు. ఆ ఇంట్లో పెట్‌వేలు ఇద్దరున్నారని ఎవరికీ తోచలేదు. రాడెల్ ఎన్నడూ అబద్ధమాడలేదు. ‘ఈ డ్రమ్ములెలా చేశావన్నా?’ అని అడిగితే నవ్వేవాడు, అంతే. ఆ నవ్వు మీద నాకింకా కోపం పోలేదు. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకుంది. ప్రేమా ఉంది. రెండూ ఉన్నాయని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

అతను పోయాక ఆ పెట్టె ముందు మళ్ళీ కూర్చున్నాను. వాయిస్తే అది గోడ గడియారంలా కొట్టింది. ఎన్నిసార్లు కొట్టినా అదే దెబ్బ, అదే చోట, అదే బరువు. పాతికేళ్ళప్పుడు నాకది ముద్దొచ్చింది. అరవై రెండేళ్ళప్పుడు విసుగొచ్చింది. మనిషి డ్రమ్ము కొడితే రెండు దెబ్బలు ఒక్కలా పడవు కదా. అప్పుడు వైర్లు అతికించే నా పాత సోల్డరింగ్ కడ్డీ వెతికి తీసి, నాలుగు చిన్న చిన్న సర్క్యూట్లు చేశాను. వాటిని నా ఫ్యాక్టరీ రోజుల లంచ్ డబ్బాలో బిగించాను. ఎందుకంటే అది రేకుది, మూత పడుతుంది, పట్టుకెళ్ళడానికి పిడి ఉంటుంది.

వాటికి పుస్తకాల్లో పెద్ద పెద్ద పేర్లున్నాయి. నేను పెట్టుకున్నవి వేరు. మొదటిది ఉయ్యాల. నెమ్మదిగా పైకీ కిందికీ ఊగే వోల్టేజి పంపుతుంది, ఇంకేం చెయ్యదు. రెండోది లాటరీ. దెబ్బ పడినప్పుడల్లా గుడ్డిగా ఒక వోల్టేజి తీసి, మళ్ళీ దెబ్బ పడేదాకా దాన్నే పట్టుకు కూర్చుంటుంది. మూడోది పంపకం. ఒక వైరులో వచ్చినదాన్ని నాలుగు వైర్లకు పంచుతుంది. నాలుగోది పిసినారి. ఎంత వచ్చినా అందులోంచి నువ్వు చెప్పినంతే ముందుకు వదులుతుంది. దానికి ఒక్క నాబ్, అంతకన్నా తేలికైన వస్తువు ఈ విద్యలో లేదు. కానీ నన్నడిగితే మిగతా మూడూ ఇచ్చేస్తాను గానీ పిసినారిని ఇవ్వను. ఉయ్యాలను నేరుగా కిక్కు గొంతుకు తగిలించి చూడండి, తోక తొక్కిన కుక్కలా అరుస్తుంది. మధ్యలో పిసినారిని పెట్టి నాబ్‌ని వెంట్రుకవాసి తిప్పండి. దెబ్బ దెబ్బకూ బరువు మారుతుంది, పెట్టెలో చేతులు మొలిచినట్టుంటుంది.

మొదటగా అది విన్నది నా స్నేహితురాలు అర్లీన్. గిన్నె అడగడానికి వచ్చి బేస్‌మెంట్ మెట్ల మీద ఆగిపోయింది.

"ఒసే, ఎవరే అది వాయించేది?"

"నేనే."

"నువ్వు చేతులు కట్టుకుని కూర్చున్నావు కదే!"

"అందుకే బాగుంది."

అర్లీన్‌కి అరవై ఒకటి. ఒక మోకాలు కొత్తది, ఆస్పత్రిలో వేయించుకున్నది. ఒకప్పుడు మా ఊళ్ళో జిట్ ఆడేవాళ్ళలో దాన్ని కొట్టేవాళ్ళు లేరు. జిట్ అంటే మా ఊరి పాదాల ఆట, మడమా మునివేళ్ళూ పందెం వేసుకున్నట్టు ఉంటుంది. డ్రమ్ము ఒక్కలాగే కొడుతుంటే జిట్ ఆడేవాళ్ళకు పదినిమిషాల్లో మొహం మొత్తుతుంది. ఆ రోజు అర్లీన్ మెట్ల మీదే రెయిలింగ్ పట్టుకుని మడమలు కదిపింది. గిన్నె సంగతి మర్చిపోయి వెళ్ళిపోయింది.

జూన్‌లో ఓ ఆదివారం చర్చి అయ్యాక థర్మన్ మా ఇంటికి వచ్చాడు. రాడెల్ పోయిన దగ్గర్నుంచీ ప్రతి ఆగస్టులో, మూతపడ్డ రికార్డుల షాపు పక్క ఖాళీ జాగాలో అన్న జ్ఞాపకార్థం అతను పెద్ద ఆటపాటల సభ చేస్తాడు. పొగలో కాల్చిన పంది పక్కటెముకలు, రెడ్‌పాప్ సోడా, మడత కుర్చీలు, ఒక స్టేజీ. సూటు కోటైనా విప్పకుండా సోఫాలో కూలబడ్డాడు.

"వదినా, ఈసారి మూడున్నరకి నలభై నిమిషాలు మొత్తం అన్నకే. నీ దగ్గర పాత టేపులుంటాయిగా, మంచిదొకటి చూసి ఇవ్వు."

"టేపెందుకు? నేను వాయిస్తా."

"ఏం వాయిస్తావ్?"

"డ్రమ్స్."

థర్మన్ మొహం ముందు ఖాళీ అయింది, తర్వాత జాలిగా మారింది. "అన్న పెట్టె మీదా?"

"నా పెట్టె మీద. నేను దాన్ని కొన్నప్పుడు నువ్వు మీసాలొస్తాయా రావా అని అద్దంలో చూసుకుంటున్నావ్."

"సరే, నీదే. మరి ఈ లంచ్ డబ్బాలో బొమ్మలేంటి?"

ఉయ్యాల దగ్గర్నుంచి పిసినారి దాకా ఓపిగ్గా చెప్పాను. ఆ పెట్టెతో మొదటి క్యాసెట్ చేసిన రోజు నుంచీ అన్నీ నేనే వాయించానని కూడా చెప్పాను. పక్క ఊరి వాతావరణ వార్తలు వింటున్నట్టు విన్నాడు.

"సర్లే వదినా," అన్నాడు. "నువ్వు స్టేజీ ఎక్కితే జనం సంతోషిస్తారు, కాదనను. రాడెల్ భార్య అని చప్పట్లు కొడతారు. కానీ నలభై నిమిషాలు నిలబెట్టడం వేరే సంగతి కదా."

"మూడున్నరకి నేను వాయిస్తున్నా. లేదంటే నీ సభకి పెట్‌వే పేరు పెట్టుకోకు. ఆ పేరులో నా వాటా నేను తీసేసుకుంటా."

చివరికి ఒక షరతు పెట్టాడు. వాయించేవాళ్ళందరూ ముందే ఒక రికార్డింగు ఇవ్వాలి, స్టేజీ మీద తేడా జరిగితే అది వేస్తారు. అందరికీ ఉన్న నియమమే కాబట్టి ఇచ్చాను. ఇచ్చినప్పుడే నా మనసు కీడు శంకించింది. రెండు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. గొంతు బొంగురుపోయి ఉంది, ఏడ్చాడనుకుంటాను.

"వదినా! ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావిది? అన్న చేసినవన్నింట్లోకీ ఇదే గొప్పది!"

"థర్మన్, అది మొన్న మంగళవారం నేను వాయించింది."

"సర్లే వదినా," అన్నాడు, జ్వరంలో పలవరించే మనిషితో మాట్లాడినట్టు.

ఫోన్ పెట్టేశాను. నేను బతికుండగానే, నా వేళ్ళింకా సోల్డరు వాసన కొడుతుండగానే, మంగళవారం నాటి నా డ్రమ్ముల్ని నాలుగేళ్ళ కిందట పోయిన మనిషికి రాసిచ్చేశారు. ఇక నోటితో చెప్పి లాభం లేదని ఆ రోజే అర్థమైంది. వాళ్ళ కళ్ళ ముందు వాయించాలి. ఒక్కసారి వాయిస్తే చాలు. వాయించలేకపోతే ఆ మంగళవారం కూడా రాడెల్‌దే అయిపోతుంది, ముందటి ముప్ఫై ఏళ్ళతో పాటు.

పదకొండు వారాలు కూర్చుని ఒక అల్లిక తయారుచేశాను. పందొమ్మిది వైర్లు. ఏది ఎక్కడ గుచ్చాలో, పిసినారి నాబ్ ఎంత తిప్పాలో ఒక్కొక్కటీ చెవితో వెతికి పట్టుకున్నది. ఈ అల్లికను దాచుకోవడానికి మీట ఏదీ ఉండదు. వైరు పీకితే పోయినట్టే. ఫోటో తీసుకోవచ్చుగా అంటారు తెలివైనవాళ్ళు. తీశాను. ఫోటోలో అది కిందపడ్డ నూడుల్స్‌లా కనిపించింది, పైగా వెంట్రుకవాసి తిప్పిన నాబ్ ఏ ఫోటోలోనూ కనిపించదు.

సభ రోజు పన్నెండింటికే స్టేజీ మీద నా బల్ల సర్దుకున్నాను. అంతా ఒకసారి మోగించి చూసి, దుప్పటి కప్పి, అర్లీన్‌తో పాటు తినడానికి వెళ్ళాను. మూడుంపావుకు తిరిగొచ్చేసరికి దుప్పటి నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద ఉంది. పెట్టె నున్నగా, కొత్త పెళ్ళికూతురిలా ఉంది. ఒక్క వైరు లేదు. పందొమ్మిది వైర్లనూ గుండ్రంగా చుట్టి, పట్టీలు కట్టి, రంగుల ప్రకారం, పొడుగుల ప్రకారం వరసగా పేర్చి పెట్టారు. నాబ్‌లన్నీ ఎడమకు తిప్పేసి సున్నా మీద ఉన్నాయి.

పక్కనే, ఆ రోజు స్టేజీ పని చూస్తున్న వెండెల్ గారు నిలబడి ఉన్నారు. డెబ్భైకి దగ్గర మనిషి, నలభై ఏళ్ళు నాటకాల హాళ్ళలో స్టేజీ వెనక పని చేసి రిటైరైనవారు. ఆ మొహం నిండా తృప్తి.

"ముందు వాయించినవాళ్ళు ఎలా వదిలేసి పోయారో చూడమ్మా! నీ కోసం శుభ్రంగా సున్నాకి తెచ్చి పెట్టా."

వాడిన బల్లను సున్నాకి తెచ్చి తర్వాతివాళ్ళకు అప్పగించడం వాళ్ళ పని పద్ధతి. వైరు మెలిపడకుండా ఒక చుట్టు లోపలికి, ఒక చుట్టు బయటికి చుట్టడం వాళ్ళ యూనియన్‌లో మొదటి పాఠం. నేనూ యూనియన్ మనిషినే. పని తెలిసినవాడి పని చూస్తే అరవలేను.

"వెండెల్ గారూ, ముందు ఎవరూ వాయించలేదు. అది నాది. అలాగే ఉండాలి."

ఆయన ఒకసారి వైర్ల వరస వైపు చూశారు, ఒకసారి నా వైపు. పక్కనున్న స్పీకరు మీద కూర్చుండిపోయారు. "అమ్మా, నలభై ఏళ్ళలో ఒక్కరి పని కూడా చెడగొట్టలేదమ్మా నేను. ఏది ఎక్కడిదో చెప్పు, నేనే పెట్టేస్తా."

"చెప్పలేనండీ. నా చేతికి తెలుసు, నోటికి తెలియదు."

అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు, థర్మన్ పరిగెత్తుకొచ్చాడు. బల్ల చూసి ముందు కంగారుపడ్డాడు. తర్వాత నేను క్షమించలేని పని చేశాడు. ఊపిరి పీల్చుకున్నాడు.

"ఏం పర్లేదు వదినా! టేపుందిగా! నువ్వు వెనక నిలబడి ఆ నాబ్‌లు అటూ ఇటూ తిప్పుతూ ఉండు. అన్న టేపు నేను వేస్తా. ఎవరికి తెలుస్తుంది చెప్పు?"

ఎదురుగా నాలుగొందల మంది ఉంటారు. అందులో సగం మంది మా పార్టీల్లో ఆడి ముసలివాళ్ళైనవాళ్ళే. నేను వట్టి నాబ్‌లు తిప్పుతూ నిలబడతాను, స్పీకర్లలో నా మంగళవారం మోగుతుంది, రాడెల్ ఎంత గొప్పవాడో అని వాళ్ళంతా కళ్ళు తుడుచుకుంటారు. నా డ్రమ్ములకు నేనే బొమ్మలా నటించాలి.

"టేపు వెయ్యొద్దు."

"మరి ఏం చేస్తావ్? పదిహేను నిమిషాలుంది!"

"ఉన్నదాంతో మొదలెడతా."

"ఏముంది వదినా అక్కడ? ఖాళీ పెట్టె!"

"ఖాళీ పెట్టె దగ్గర్నుంచే మొదలెడతా. ఒక్కో వైరూ వాళ్ళ ముందే పెడతా."

"పరువు పోతుంది!"

"పోతే నాది పోతుంది. మీ అన్నది కాదు కదా, నువ్వెందుకు బాధపడతావ్?"

అతను నేనిచ్చిన రికార్డింగున్న ల్యాప్‌టాప్ వైపు నడిచాడు. అక్కడ వెండెల్ గారు ముందే చేరి ఉన్నారు. ఆ ల్యాప్‌టాప్ నుంచి స్పీకర్లకు పోయే వైరు ఆయన చేతిలో ఉంది. ఒక చుట్టు లోపలికి, ఒక చుట్టు బయటికి, నిమ్మళంగా చుట్టి, పట్టీ బిగించి, తన సంచిలో వేసుకుని జిప్పు లాగారు.

"ఈ వైరు పాడైంది బాబూ," అన్నారు. "వేరేది లేదు."

మూడున్నరకు స్టేజీ ఎక్కి కిక్కు ఒక్కటి మొదలెట్టాను. దమ్, దమ్, దమ్, దమ్. వైరు లేదు, ఉయ్యాల లేదు, ఏమీ లేదు. జనం వైపు చూడకుండా మొదటి వైరు పట్టీ విప్పాను. వేళ్ళు చెమటకు జారుతున్నాయి. ఒక నిమిషం గడిచింది. ఆ కిక్కు అంత ఒంటరిగా మోగడం నేనెప్పుడూ వినలేదు.

ముందు వరసలో మడత కుర్చీ మీద కూర్చున్న అర్లీన్ ప్లేటు పైకెత్తి అరిచింది. "ఒసే ఒనీడా! ఇంతేనా? మా ఇంట్లో బట్టలారబెట్టే మెషీన్ ఇంతకన్నా బాగా వాయిస్తుంది!"

జనం గొల్లుమన్నారు.

"తిను తిను," అన్నాను మైకులో. "ప్లేట్లో ఆ పీచ్ పళ్ళ కాబ్లర్ అయిపోయేలోపు నిన్ను లేపకపోతే నన్నడుగు."

"ఈ మోకాలికి గ్యారంటీ ఉందే, నీ డ్రమ్ములకుందా?"

అది నన్ను తిట్టడానికి అనలేదు, నా ప్రాణం నిలబెట్టడానికి అంది. మా వాళ్ళకు స్టేజీ మీద మనిషి భయపడితే ఎగతాళి చేసి లేపడమే తెలుసు. నవ్వు వచ్చాక నా వేళ్ళు కుదురుకున్నాయి. హైహ్యాట్ తెచ్చాను. లాటరీని దాని తోకకు, అంటే మోత సాగే పొడుగుకు, తగిలించాను. చిట్, చిట్, చీ, చిట్: ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఏది ఎప్పుడు వస్తుందో నాకే తెలియదు. నాలుగైదు తలలు ఊగాయి. పర్వాలేదనుకున్నాను. తొందరపడ్డాను.

ఉయ్యాలను టామ్ గొంతుకు గుచ్చేటప్పుడు మధ్యలో పిసినారిని పెట్టడం మరిచాను. పదకొండు వారాల్లో ఒక్కసారీ చెయ్యని తప్పు, మొదటి రోజు నేర్చుకునేవాళ్ళు చేసే తప్పు. టామ్ ఒక్కసారిగా ఆకాశానికి లేచి కీచుమంది. పిల్లలు చెవులు మూసుకున్నారు. పక్కటెముకల కోసం వరసలో నిలబడ్డ ఒకాయన, నాకు బాగా వినపడేలాగే, "రాడెలైతే ఇలా చేసేవాడు కాదు," అన్నాడు.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దుఃఖం కాదు, కోపం. రాడెల్ చేసేవాడు కాదు, నిజమే. అతను ఎన్నడూ ఏ రంధ్రంలోనూ ఏ వైరూ గుచ్చలేదు కదా, తప్పెలా చేస్తాడు? తప్పు చెయ్యగలిగింది ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ వైరు పీకబోయి ఆగాను. ఎందుకు పీకాలి? పిసినారిని మధ్యలోకి తెచ్చాను గానీ నాబ్‌ని అలవాటైన చోట పెట్టలేదు, సగానికి వదిలేశాను. కీచు కాస్తా పెద్ద పిలుపైంది. దాన్ని ప్రతి దెబ్బకూ కాకుండా ఎనిమిది దెబ్బలకు ఒకసారి రానిచ్చాను. మొదటిసారి జనం ఉలిక్కిపడ్డారు. రెండోసారి వస్తుందని ఎదురుచూశారు. మూడోసారికి వెనక వరసలోంచి ఎవరో దానితో పాటు కూత పెట్టారు.

ఇక నేను ఆ పదకొండు వారాల అల్లిక కోసం వెతుక్కోవడం మానేశాను. అది పోయింది. చేతికి ఏ వైరు దొరికితే అది తీశాను. కిక్కునే పంపకంలో వేసి ఒక కొస లాటరీకి ఇచ్చాను, లాటరీ చెప్పినదాన్ని రెండో టామ్‌కి ఇచ్చాను. అంటే కిక్కు పడ్డప్పుడల్లా టామ్ వేరే గొంతుతో దానికి జవాబిస్తుంది. ఒకసారి విసుగ్గా, ఒకసారి బతిమాలుతూ, ఒకసారి పొగరుగా. మా బేస్‌మెంట్‌లో ఇది నాకెప్పుడూ తట్టలేదు. తర్వాత ఉయ్యాలను కిక్కు కింద పెట్టి పిసినారిని వెంట్రుకవాసి వదిలాను.

అర్లీన్ ప్లేటు పక్కవాళ్ళ ఒళ్ళో పెట్టి లేచింది.

ముందు మంచి కాలి మడమ కదిపింది. తర్వాత కొత్త మోకాలు. తర్వాత చెప్పులు విసిరేసింది. డ్రమ్ము ఎటు తిరుగుతుందో కనిపెట్టడానికి దాని పాదాలు వెంటపడ్డాయి, డ్రమ్ము ప్రతిసారీ తప్పించుకుంది. అర్లీన్ పకపకా నవ్వుతూ, "దొంగముండా, నిలబడవే!" అని పెట్టెను తిట్టింది. చుట్టూ ఖాళీ ఏర్పడింది, ఆ ఖాళీలోకి ఇంకో నలుగురు దూకారు. ఇరవై నిమిషాలు దాటేసరికి మడత కుర్చీల్లో మనిషి లేడు.

అప్పుడు థర్మన్ మైకు పట్టుకుని నా పక్కకు వచ్చాడు. చెమటలు కారుతున్నాయి. నా చెవి దగ్గర అరిచాడు. "వదినా, ఇది ఏ టేపులోది? ఇది నేనెప్పుడూ విన్లేదే!"

ఈ మనిషికి ఇంకా బుర్రకెక్కలేదు. అతని చెయ్యి పట్టుకుని పసుపు వైరు మీద పెట్టాను.

"పీకు."

"ఏంటి?"

"పీకవయ్యా!"

పీకాడు. హైహ్యాట్ ప్రాణం పోయినట్టు ఒక్కలాగే కొట్టింది. ఆడేవాళ్ళ పాదాలు తడబడ్డాయి. అర్లీన్ గిర్రున తిరిగి, "ఎవడ్రా అది? చెయ్యి తియ్ అక్కణ్ణుంచి!" అని కేకేసింది.

"మళ్ళీ పెట్టు," అన్నాను. పెట్టాడు. ప్రాణం వచ్చింది. "ఇప్పుడు ఈ నాబ్ తిప్పు. వెంట్రుకంత."

తిప్పాడు. కిక్కు బరువెక్కి కిందికి దిగింది. దానితో పాటు ఆ జాగాలో ఉన్నవాళ్ళందరి మోకాళ్ళూ ఒకేసారి కిందికి దిగాయి. థర్మన్ అది చూశాడు. పొయ్యి మీద పడ్డట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఇది... ఇప్పుడే..."

"ఇప్పుడే."

"మరి ఆ రికార్డు?"

"నేనే."

"నా పెళ్ళికి అన్న వేసిన క్యాసెట్?"

"అది నా పెళ్ళి కానుక. రెండు వారాలు పట్టింది. నువ్వు మీ అన్నను కౌగిలించుకుని ఏడ్చావ్. నాకేమో కేకు ప్లేట్లు కడగమని ఇచ్చావ్."

"మరి చెప్పలేదేం?"

"చెప్పాను. జూన్‌లో మా సోఫా మీద కూర్చోబెట్టి చెప్పాను. ఫోన్‌లో చెప్పాను. ‘సర్లే వదినా’ అన్నావ్."

అతను చెడ్డవాడు కాదు. ముప్ఫై ఏళ్ళు గుండెల్లో పెట్టుకు మోసినదాంట్లో సగం ఇప్పుడు దించమంటే ఎవరికైనా కష్టమే. నాకు జాలి వేసింది. జాలి వేసినంత మాత్రాన వదలదలచుకోలేదు.

మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "మన రాడెల్ భార్య..." అని మొదలెట్టాడు.

మైకు మీద నా చెయ్యి అడ్డం పెట్టాను. "అది కాదు."

"మరేం చెప్పను?"

"వాయిస్తున్నది ఎవరో చెప్పు. అంతే."

కళ్ళు తుడుచుకున్నాడు. డ్రమ్ము ఆగలేదు, నేను ఆపలేదు. "డ్రమ్స్," అన్నాడు, అక్కడ ఆగాడు.

"పూర్తిగా చెప్పు థర్మన్. నాకింకా పదకొండు నిమిషాలుంది, నీకోసం ఆగుతా."

"డ్రమ్స్, ఒనీడా పెట్‌వే," అన్నాడు. ముందు వరసకు కూడా వినపడలేదు.

"మళ్ళీ," అన్నాను. ఈసారి మైకు నేనే అతని నోటి దగ్గర పట్టుకున్నాను.